పాము రైలు నడిపినోడు

చెనక్కాయలు ఉడకబెట్టేటప్పుడు ఉప్పు మొదటే వేస్తే కాయ బిగుసుకుపోతుంది. పొట్టు మెత్తబడి, నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగాక వేయాలి. ఆ తరువాత కుండ మీద తడి గోనెపట్ట కప్పి, మంట తగ్గించి, దాని మానాన దాన్ని వదిలేయాలి. ఈ పనిలో ఉలిగమ్మ ఎవరి మాటా వినేది కాదు. సోమందేపల్లి బస్టాండులో తట్టలు పెట్టుకునే ఆడవాళ్లందరిలో ఆమె కాయలే ముందు అమ్ముడుపోయేవి. ఆమె నోటికే అందరూ జడిసేవాళ్లు. "కాయలు తియ్యన, నోరు చేదు" అని హిందూపురం బస్సు కండక్టర్లు ఆమె ఎదుటే అనేవాళ్లు. ఆమె కాదనేది కాదు.

ఆ రోజు పొద్దున ఆమె పొయ్యి మీంచి కుండ దించుతుండగా ఒక కొత్త మనిషి మోటారు సైకిలు దిగి ఇంటి ముందుకు వచ్చాడు. మెడలో చిన్న సిలువ. చొక్కా నిండా నిప్పురవ్వలు పడి కాలిన చిల్లులు.

"అక్కా, దేవప్పన్న ఇల్లు ఇదేనా?"

"ఎవరప్పా నువ్వు?"

"నా పేరు దానియేలు. ధర్మవరం మాది. పాత మిషన్లు గ్యాసుతో కోసి తూకానికి తీసకపోతాము. మాయాలోకం పార్కులో పాము రైలు ఉండాది గదా, దాన్ని కోసే పని ఇప్పుడు మాది."

ఉలిగమ్మ చేతిలో గోనెపట్ట అట్లాగే ఆగిపోయింది. హైవే పక్కన, చెట్టూ చేమా లేని మెట్టనేలలో, ఎత్తుగా లేచి, వంకర్లు తిరిగి, మళ్లీ నేలకు దిగే ఆ ఇనుప పట్టాల మీద ఒకప్పుడు పసుపుపచ్చ పెట్టెలు పరిగెత్తేవి. దానికి పార్కువాళ్లు ఏదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు గానీ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అది పాము రైలే. దాని బ్రేకు దగ్గర కూర్చున్నవాడు దేవప్ప.

"కోసుకోండి. పీడ వదులుతాది. నా ఇంటికాడికి యాల వచ్చినావు?"

దానియేలు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మొన్న మొదలు పెట్టినామక్కా. పైపు యాడ లీకయిందో, మావాని చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆస్పత్రిలో ఉండాడు. మిగిలినోళ్లు ఆ పొద్దే కట్టర్లు కింద పెట్టేసినారు. రక్తం చూసిన ఇనుము అంట. ఊరికే మంట పెట్టగూడదంట. దాన్ని నడిపిన చెయ్యే గుమ్మడికాయ కొట్టి, 'ఇంక పోమ్మా' అని విడిపించాలంట."

"నువ్వు యేసయ్యను నమ్మినోనివి గదా. నీకేమి గుమ్మడికాయ?"

"నాకు లేదక్కా. ప్రార్థన చేసుకొని నేనే మొదలు పెడతానన్న్యా. వాళ్లు ఇననే ఇనరు. అంత ఇనుము నేనొక్కన్నే కోస్తే ఎప్పటికయితాది? ఆ నేల ఖాళీ చేసిస్తే కార్ల ఫ్యాక్టరీ సామాన్లకు షెడ్డు కడతారంట. ఈ నెలలో అప్పజెప్పకుంటే బేరం పోతాదని పార్కు ఓనరు నాగేష్ సారు గింజుకుంటాండాడు."

గింజుకుంటాండాడు! ఆ మాట ఉలిగమ్మకు ఎండలో నడిచొచ్చిన మనిషికి చల్లటి మజ్జిగ దొరికినట్టయింది. ఇంకోసారి చెప్పమని అడగాలనిపించింది కూడా.

"నాగేష్ సారు ఏమని చెప్పి పంపించినాడు నిన్ను? దేవప్పను పిలచకరమ్మన్న్యాడా, తాగుబోతోన్ని పిలచకరమ్మన్న్యాడా?"

దానియేలు నేల చూపులు చూశాడు. మంచివాడిలా ఉన్నాడు, అబద్ధమాడటం చేతకాలేదు.

"నా మొగుడు రాడు. మీ సారునే ఈడికి రమ్మను. ఆయప్పతోనే మాట్లాడతా."

అతను వెళ్లిపోయాక ఆమె ఇంట్లోకి తొంగిచూసింది. దేవప్ప చాప మీద గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. గదంతా పులిసిన వాసన. నిద్రలో అతని కుడిచెయ్యి దేన్నో పట్టుకుని గుండెల మీదికి గుంజుకుంది, వదిలింది, మళ్లీ గుంజుకుంది. ఏండ్ల కిందట ప్రమాదం జరిగిన ఆ దసరానాటి నుంచి అతని నిద్ర ఇంతే. కలలో మళ్లీ పట్టాల కింద బ్రేకు పట్టదు, పెట్టెలు ఆగవు, ఎదర నిలబడి ఉన్న పెట్టెల మీదికి పోయి గుద్దుకుంటాయి. పెనుకొండ నుంచి వచ్చిన హరిత అనే బడిపిల్ల కాలు వాటి మధ్య నలిగింది. ఆ పిల్లను బయటికి లాగి చేతుల మీద మోసుకొచ్చింది దేవప్పే. అతని చొక్కా మీద ఆ నెత్తురు ఆరకముందే నాగేష్ పోలీసులకు చెప్పాడు, నడిపినవాడు తాగి ఉన్నాడని.

దేవప్ప అప్పటికి జన్మలో మందు ముట్టినవాడు కాదు. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, జాతరలో కూడా కల్లు ముంత పక్కకు నెట్టేసేవాడు. నా నెత్తురు తీసి చూడండి సామీ అని స్టేషనులో మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. ఇతనైతే తాటిచెట్టు కిందికి కూడా పోలేదు. జైలు నుంచి వచ్చాక పనికి పిలిచినవాడు లేడు, పెండ్లిపేరంటాల్లో పక్కన కూర్చున్నవాడు లేడు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు ఊళ్లోవాళ్లు. చివరికి ఒకరోజు, అంటున్నారు కదా, తాగితే పోలేదా అనుకున్నాడు. సారు ఆడిన అబద్ధాన్ని నిజం చేసేదాకా ఆ ఊరు నిద్రపోలేదు.

*

నాగేష్ మరునాడే వచ్చాడు. కారు వీధి మొదట్లో ఆపి, నల్లపంచె, నల్ల కండువా, మెడలో అయ్యప్ప మాల, నొసట గంధం, చెప్పుల్లేని కాళ్లకు గులకరాళ్లు గుచ్చుకుంటుంటే ఆచితూచి అడుగులేస్తూ వచ్చాడు. ఉలిగమ్మ గడప మీద కూర్చుని చెనక్కాయల మట్టి కడుగుతోంది. లేవలేదు.

"స్వామి శరణం మాతా," అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. స్టేషను మెట్ల మీద తను అతని కాళ్లు పట్టుకున్న రోజు 'ఏయ్, లే అవతలికి' అన్న నోరే, మాల పడేసరికి మాతా అంటోంది.

"ఏం సామీ, దోవ తప్పినావా?"

"దేవప్ప స్వామి ఉండాడా?"

"ఉండాడు లోపల. నువ్వు పెట్టిన పేరు నిలబెట్టుకుంటాండాడు."

నాగేష్ అటూ ఇటూ చూశాడు. పక్కింటి వెంకటక్క చేట పట్టుకుని అప్పుడే చెరగడానికి బయటికి వచ్చింది. ఆ చేటలో గింజలేవీ లేవు.

"అయిందేదో అయిపాయ మాతా. ఒక్క పొద్దు పని. కాయ కొట్టి, నాలుగు నిమ్మకాయలు తొక్కిస్తే సాలు. దుడ్ల మాట నేను చూసుకుంటా."

"ఆ దుడ్లు గుమ్మడికాయలో పెట్టి నువ్వే కొట్టుకో," అని ఆమె తట్టను ఒక్క కుదుపు కుదిపింది. మట్టినీళ్లు అతని కాళ్ల మీద చిందాయి. "నాకు కావాల్సింది వేరే ఉండాది. పాము రైలు ముందర, అందరి ముందర, కర్పూరం ముట్టించి అరచేత్తో ఆర్పాల నువ్వు. ఆర్పి చెప్పాల, ఆ పొద్దు దేవప్ప తాగలేదని. అప్పుడు నా మొగుడు కాయ కొడతాడు."

నాగేష్ ముఖంలో గంధం తప్ప ఇంకే రంగూ మిగల్లేదు. ఆ సీమలో కర్పూరం ఆర్పి అబద్ధమాడితే ఇల్లు గుల్లవుతుందని నమ్మకం. ఓట్లప్పుడు నాలుక ఎటంటే అటు తిప్పేవాళ్లు కూడా కర్పూరం ముందు నోరు మూసుకుంటారు. నిజం చెప్పేవాడికి భయమెందుకు అనొచ్చు. నిజం చెప్పాలంటే కూడా ముందు ఆ మంట మీద చెయ్యి పెట్టాలి కదా.

"మాలలో ఉండి ప్రమాణం చేయగూడదు."

"మాలలో ఉండి అబద్ధం దాచిపెట్టొచ్చునా?"

అతను గొంతు తగ్గించాడు. "మా యమ్మ పెద్దదయిపాయ మాతా. ఆయుధపూజ నాడు ఆ బ్రేకు పట్టీలకు ఆముదం, కుంకుమ పూసింది ఆయమ్మే. అదే అమ్మవారి మొగం అని చేత్తో రుద్ది రుద్ది పూసింది. దానివల్లే ఒక పిల్ల కాలు పాయనని తెలిస్తే ఆ పొద్దే సచ్చిపోయిండేది. నేనేం చేయాల చెప్పు?"

"అమ్మ పూసింది సరే. మర్నాడు పొద్దున్నే నా మొగుడు కిరసనాయిలు గుడ్డ పట్టుకొని వచ్చి, తుడిసి నడుపుతా సారూ అంటే, పూజ చేసిన కుంకుమ దశమి దాటకుండా తుడవగూడదు, అరిష్టం అన్న్యది ఎవరు? మీ యమ్మా?"

నాగేష్ వంగి కాళ్ల మీది మట్టి తుడుచుకున్నాడు. "సరే, ఎల్లుండి పొద్దున రండి. ఏదో ఒకటి చెప్తాలే" అని వెనుదిరిగాడు. ఏదో ఒకటి అన్న మాట ఉలిగమ్మకు నచ్చలేదు. దెబ్బ తప్పించుకునేముందు పాము అట్లాగే మెలిక తిరుగుతుంది.

అతను రాళ్ల మీద కుంటుకుంటూ పోతుంటే ఆమె ఆ నల్లబట్టల్నే చూస్తూ కూర్చుంది. మాలలో ఉన్నవాడు మాంసం ముట్టడు, మంచమెక్కడు, మందు వాసన సోకితేనే తలస్నానం చేస్తాడు. అట్లాంటివాణ్ణి తాగి వచ్చాడని పదిమందిలో అంటే ఎట్లా ఉంటుంది? కుక్క కాటుకు చెప్పు దెబ్బ. ఆ ఆలోచన వచ్చాక ఆ పూట ఆమెకు అన్నం కూడా రుచించింది.

*

"రెండు పొద్దులు ముట్టొద్దు," అంది దేవప్పతో. "ఆడ నీ నోట్లో వాసన రాగూడదు."

దేవప్ప గోడకు ఆనుకుని కూర్చుని విన్నాడు. మాసిన గడ్డం, లోపలికి పోయిన కళ్లు. "సారు కర్పూరం ఆర్పుతాడంట్నా?" అని అడిగాడు, చిన్నపిల్లవాడు తిరునాళ్లకు తీసుకుపోతారా అని అడిగినట్టు.

"ఆర్పుతాడు. ఆర్పకపోతే నేనుండా."

అతను లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి కర్ణాటక మందు ప్యాకెట్టు ఒకటి తీసి తనే ఆమె చేతికిచ్చాడు. హిందూపురం వైపు నుంచి దొంగచాటుగా వచ్చే చిన్న అట్ట ప్యాకెట్టు అది. బయట పారబోస్తుందనుకున్నాడు. ఆమె దాన్ని వక్కాకు సంచిలో దోపుకుంది.

మొదటి రోజు సాయంత్రానికే అతని ఒళ్లు చెమటతో తడిసింది. రెండో రోజు చేతులు వణకడం మొదలైంది. లోటా పట్టుకుంటే నీళ్లు ఎదురొమ్ము మీద పడ్డాయి. ఉలిగమ్మ రాగిగంజి చల్లార్చి, తలను ఒళ్లో పెట్టుకుని, గరిటెతో కొంచెం కొంచెంగా పోసింది. పళ్లు గరిటెకు తగిలి టకటకమన్నాయి. "ఒక్క గుక్క ఇయ్యి మే, ఈ వణుకు నిలబడతాది" అని ఒకసారి మాత్రం అడిగాడు. ఇవ్వలేదు. ఇంత కష్టం పెట్టినవాణ్ణి తలచుకుని ఆమె నాగేష్ ను వాడి ఏడుతరాలతో సహా తిట్టింది. దేవప్ప తాగివచ్చిన ప్రతిసారీ ఆమె అట్లాగే తిట్టేది. తాగినవాణ్ణి ఒక్కమాట అనేది కాదు. తిట్లన్నీ నాగేష్ కే, మూడిళ్లకు వినబడేలా.

*

పార్కు గేటు మీద 'మాయాలోకం' అన్న అక్షరాల్లో సగం రాలిపోయాయి. నీళ్లు లేని ఈతకొలనులో మేకలు పడుకున్నాయి. వాటి వెనక పాము రైలు ఆకాశంలోకి లేచి ఉంది. తుప్పు పెచ్చులు ఊడినచోట పసుపు కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద నీలం కనబడుతున్నాయి. ఒక్కో రంగు ఒక్కో ఊరిది. ఎక్కడో సముద్రం అవతల పుట్టి, అక్కడ పాతబడితే మద్రాసు వైపు ఒక పార్కువాళ్లు తెచ్చారట. అక్కడా పాతబడితే నాగేష్ లారీల మీద తెచ్చి రంగు కొట్టించాడు. ఆ ముక్కలు దించేటప్పుడు గొర్రెలు వదిలేసి చూడటానికి వచ్చిన దేవప్ప, తాళ్లు పట్టుకోవడానికి నిలబడి, అట్లాగే పనివాడైపోయాడు. పెండ్లిళ్లకు ధర్మవరం పట్టుచీరలు కొనడానికి వచ్చిన బంధువులు, హిందూపురం కాలేజీ పిల్లలు, అందరూ దాని మీద ఎక్కి కేకలు వేసి దిగినవాళ్లే. ఉలిగమ్మను కూడా ఒకసారి ఎక్కించాడు. దిగాక ఆమె మొగుణ్ణి తిట్టిన తిట్లు చాలారోజులు అక్కడివాళ్లు చెప్పుకుని నవ్వుకున్నారు.

దానియేలు మనుషులు ప్లాట్‌ఫారం పక్కన వరసగా కూర్చున్నారు. సోమందేపల్లి నుంచి కూడా చాలామంది వచ్చారు. వెంకటక్క ముందే వచ్చి నీడ చూసుకుని కూర్చుంది. కుర్చీలో నాగేష్ తల్లి గోవిందమ్మ, తెల్లటి జుట్టు, ఒళ్లో ఇత్తడి గిన్నె. గిన్నెలో ఆముదం పోసి, కుంకుమ వేసి, ఈసారి కూడా వేలితో కలుపుతోంది. ఇనుమును సాగనంపేటప్పుడైనా ఆమె పూజ ఆమె చేయాలి కదా.

దేవప్ప వచ్చాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. చేతులు మాత్రం అతని మాట వినడం లేదు. చంకల్లో పెట్టుకుంటే భుజాలు వణికాయి. జనంలో ఎవరో ఇకిలించారు. "పూజకు గూడా వేసుకొనే వచ్చినాడప్పా," అన్నారు ఇంకెవరో. ఉలిగమ్మ గిర్రున జనం వైపు తిరిగింది. ఇన్నేండ్లలో మొగుడు ఒంట్లో చుక్క లేకుండా జనం ముందుకు వచ్చింది ఈ రోజే. ఈ రోజే తాగినవాడిలా కనబడుతున్నాడు.

నాగేష్ కండువా తీసి తల్లి కుర్చీ వీపు మీద వేసి, గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టి ముట్టించాడు. అందరి కళ్లూ ఆ మంట మీదికి పోయాయి. ఉలిగమ్మ కుర్చీ వెనక్కి జరిగి, సంచిలో చెయ్యి పెట్టి, ప్యాకెట్టు మూల గోటితో చింపింది. ఉన్నదంతా కండువాలోకి పిండి, ఖాళీ అట్టను చెప్పు కింద తొక్కింది. కళ్లు దించి పిల్లిలా ముందుకు వచ్చి నిలబడింది. అవసరం పడకపోతే సరే.

"సామీ, ఆర్పు," అంది. "ఆర్పి చెప్పు."

నాగేష్ మంట వైపు చెయ్యి చాచాడు. చాచి, దేవప్ప చేతుల్ని చూశాడు. చెయ్యి వెనక్కి పోయింది. అతని ముఖంలో తేలికదనం ఉలిగమ్మకు స్పష్టంగా కనబడింది.

"ఏమని చెప్పాల మాతా? చూడండి మీరే," అని జనం వైపు తిరిగాడు. "ఆ పొద్దెట్లనో ఈ పొద్దూ అట్లనే. గుమ్మడికాయ గూడా పట్టుకోలేకుండా ఉండాడు. దేని మీద ప్రమాణం చేసేది?"

నవ్వులు లేచాయి. దేవప్ప "నేను తాగలేదు సారూ" అన్నాడు. స్టేషనులో అన్న మాటే, అదే గొంతు. ఎవరూ వినిపించుకోలేదు. ఉలిగమ్మకు ఇక ఒళ్లు తెలియలేదు. కుర్చీ మీది కండువా గుంజి పైకెత్తింది.

"తాగొచ్చింది ఎవరప్పా? ఈ సామి! వాసన చూడండి! మెడలో మాల, గుడ్డల్లో మందు!"

ముందున్నవాడు మూతి దగ్గర పెట్టుకుని ముఖం తిప్పుకున్నాడు. కండువా రెండో చేతికి, మూడో చేతికి పోయింది. "అవునప్పా, గుప్పుమంటాండాది!" "మాలలో ఉండి ఇదేం పని?" "గురుస్వామికి చెప్పి మాల తీయించాల." ఫోన్లు పైకి లేచాయి. నాగేష్ ముందు నవ్వబోయాడు. తరువాత "నాకేం తెలీదు, నేను తాగలేదు" అన్నాడు. "అమ్మతోడు, నేను తాగలేదప్పా" అని గొంతు పెంచాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తన ఒళ్లు తనే వాసన చూసుకున్నాడు. అతను ఎంత గట్టిగా అరిస్తే జనం అంత నమ్మకంగా తలలూపారు. గోవిందమ్మ కుర్చీలోంచి లేవబోయి కూలబడింది. ఉలిగమ్మ ఆ కేకలు వింటూ నిలబడింది. అనుభవించు. ఇంకా అరువు. ఎవరూ వినకపోతే ఎట్లా ఉంటుందో చూడు.

దానియేలు చేతులెత్తి అందర్నీ ఆపాడు. "ఉండండప్పా. గుడ్డ మాట వద్దు, మనిషి మాట చెప్పుకుందాం. దేవప్పన్నా, నువ్వు దగ్గరికి పోయి చూడు. తాగేవోనికి తెలీకుండా పోదు. నువ్వేమంటే అదే."

జనం ఇది బాగుందన్నారు. ఇన్నేండ్లుగా ఎవరూ ఖాతరు చేయని నోరు అది. ఇప్పుడు అంత జనం దాని కోసమే చూస్తున్నారు. దేవప్ప నెమ్మదిగా నాగేష్ దగ్గరికి నడిచాడు. ఇద్దరి ముఖాలూ జానెడు దూరంలోకి వచ్చాయి. నాగేష్ నోరు తెరిచాడు. దేవప్ప ఊపిరి పీల్చి, అతని కళ్లలోకి చూసి, పక్కకు తిరిగి పెళ్లాన్ని చూశాడు. అవునను, అని ఆమె కళ్లతోనే బతిమాలింది. ఒక్కమాట. ఒక్కసారి తలూపినా చాలు.

"లేదు," అన్నాడు దేవప్ప. "ఈయప్ప తాగలేదు. వాసన గుడ్డలో ఉండాది, నోట్లో లేదు."

ఫోన్లు కిందికి దిగాయి. కండువా పట్టుకున్నవాడు దాన్ని కుర్చీ మీద పడేశాడు. దేవప్ప నిలబడినచోటే నిలబడ్డాడు. నాగేష్ కూడా కదల్లేదు. దానియేలు నాగేష్ వైపు తిరిగాడు.

"సారూ, నీ గురించి ఆయన్న చెప్పినాడు. ఆయన్న గురించి నువ్వేం చెప్తావు?"

కర్పూరం ఎప్పుడో ఆరిపోయింది. గుమ్మడికాయ మీద నల్లటి మచ్చ మాత్రం మిగిలింది. ఆర్పడానికి మంట కూడా లేదు. నాగేష్ నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"ఇనపళ్లేదు," అంది ఉలిగమ్మ.

"దేవప్ప ఆ పొద్దు తాగలేదు."

"ఆడ ఎనకాల ఉండేవోళ్లకు ఇనపళ్లేదు!"

"తాగలేదు! దేవప్ప తాగలేదు! నేనే అబద్ధం చెప్పినా!"

జనంలో ఎవరో నిట్టూర్చారు. వెంకటక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. అక్కడితో ఆగి ఉండాల్సింది. దేవప్ప "సాలు మే" అన్నాడు కూడా. ఉలిగమ్మ పగ ఇంకా కడుపు నిండలేదు.

"తాగకపోతే మరి యాల నిలబడలేదు రైలు? అది గూడా చెప్పు."

నాగేష్ తల్లి వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "బ్రేకు పట్టీలు తుడుస్తానన్న్యాడు. నేనే వద్దంటి."

"ఏం తుడవాలంట్రా?" అని అడిగింది గోవిందమ్మ. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "వాటిమింద ఏముండె?"

కొడుకు పట్టాల వైపు చూశాడు, దేవప్ప తన చేతుల వైపు చూశాడు. అడిగించిన ఉలిగమ్మ కూడా చూపు దించుకుంది. ముసలామె ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చింది. అందరూ ఎటు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నారో అటు చూసింది. ఒళ్లో గిన్నె. గిన్నెలో తన వేళ్లు, ఆముదం కారుతూ, ఎర్రగా. వేళ్లు బయటికి తీసి చీరకు తుడుచుకుంది. ఒకసారి తుడుచుకుని, చూసుకుని, మళ్లీ తుడుచుకుంది. తెల్లచీర మీద ఎర్రటి చారలు పడ్డాయి. ఆపమ్మా అని నాగేష్ చేతులు పట్టుకున్నా ఆగలేదు.

ఉలిగమ్మ విసిరిన రాయి తగలాల్సిన చోట తగల్లేదు. కావాలనుకున్నదంతా జరిగింది, ఇది మాత్రం ఆమె అనుకోలేదు. ఆ ముసలి చేతుల్ని చూడలేక ముఖం తిప్పుకుంది.

దేవప్ప రెండు చేతులతో గుమ్మడికాయ ఎత్తాడు. చేతులు వణుకుతున్నా ఈసారి ఎవరూ నవ్వలేదు. పట్టాల మొదట్లో కొట్టాడు. తెల్లటి గుజ్జు ఇనుము మీద చిందింది. "ఇంక పోమ్మా," అని పట్టాను అరచేత్తో తట్టాడు, గొర్రెను మందలోకి తోలినట్టు.

*

వాళ్లిద్దరూ హైవే దాకా నడిచారు. వెనక గ్యాసు మంట ఇనుమును కోస్తున్న చప్పుడు వినబడుతోంది. రోడ్డు పక్కకు వచ్చాక ఉలిగమ్మ ఉండబట్టలేకపోయింది.

"యాలప్పా అట్ల చెప్తివి? ఒక్కమాట అవునంటే సాలు గదా. వాని బతుకు ఈ పొద్దే బజార్న పడిండేది."

దేవప్ప లారీల వైపు తిరిగాడు. "తాగనోన్ని తాగినాడంటే ఎట్లుంటాదో నాకు తెలుసు గదా ఉలిగీ," అన్నాడు. తరువాత ఇంకో మాట అన్నాడు. "ఆ ప్యాకెట్టు నాదే గదా."

ఆమె సిగ్గో కోపమో తెలియక చెంగు బిగించి దోపుకుంది.

రోడ్డుకు అవతల మందు షాపు తెరిచి ఉంది. ఇనుప కమ్మీల వెనక నుంచి సీసాల చప్పుడు. దేవప్ప అటు చూశాడు. చేతులు ఇప్పుడు మోచేతుల దాకా వణుకుతున్నాయి, నొసటి మీద చెమట.

"పోనా?" అని అడిగాడు.

ఇన్నేండ్లలో ఎప్పుడూ అడిగింది లేదు. ఎప్పుడు పోయేవాడో, ఎప్పుడు వచ్చేవాడో. అలవాటుకొద్దీ ఉలిగమ్మ నోట్లోకి తిట్టు వచ్చేసింది. 'ఆ నాగేష్ గాని...' అనబోయి ఆగిపోయింది. వాడు చెప్పేశాడు కదా. అందరి ముందర, గట్టిగా, మళ్లీ మళ్లీ చెప్పేశాడు. ఆ పేరుకు ఇక తిట్టు అంటదు. మొగుడు తాగిన ప్రతిసారీ అనడానికి ఇన్నాళ్లూ ఆమెకు ఒక పేరుండేది. ఇప్పుడు ఎవరినని తిట్టాలి?

"నీ ఇష్టం," అంది. ఆ గొంతు ఆమెదేనా అనిపించింది.

దేవప్ప రోడ్డు అంచున నిలబడి, అటోసారి ఇటోసారి చూశాడు. బండ్లు వస్తూనే ఉన్నాయి.